గుండె వెనకగోడ

పోయినవారం మనం ఆమెను కోర్టు వరండాలో వదిలివచ్చాం. ఆమె ఎదురుగా, గుండె ఆస్పత్రిలో పనిచేసే టెక్నీషియన్ అమ్మాయి. ఆ అమ్మాయి చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. "ఇది మీ తమ్ముడుగారి చేతిమీదుగా మీకు రావాల్సింది మేడమ్. రాదని తెలిసి నేనే తెచ్చాను" అన్నచోట కథ ఆగింది.

నడుమ వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. ఆమె కోర్టులో స్టెనోగ్రాఫరు. పాతికేళ్ళుగా ఎవరు ఏమన్నా అన్నది అన్నట్టు రాసుకోవడమే పని. భర్త డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఏడాదిగా ఆయన గుండె లయ తప్పుతోంది. ఉన్నట్టుండి దడదడలాడేది, కాసేపటికి ఏమీ ఎరగనట్టు సర్దుకునేది. మాత్రలు వేసుకుంటూ నెట్టుకొస్తానన్నాడాయన. ఆమె ఒప్పుకోలేదు. ఆమె తమ్ముడు, ఇంట్లో అందరికీ చిన్నోడు, ఆ గుండె ఆస్పత్రిలోనే పేరున్న డాక్టరు. అబ్లేషన్ చేస్తానన్నాడు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగ గుండెలోకి పంపి, తప్పుడు కరెంటు పుట్టేచోట వేడితో చిన్న చిన్న మచ్చలు కాల్చడమన్నమాట. "చిన్నోడు చేస్తానంటే మీకు భయమెందుకండీ" అని ఒప్పించింది ఆమే. అది జరిగి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. నాలుగు రోజుల క్రితం ఆయనకు జ్వరం మొదలైంది. తమ్ముడికి ఫోను చేస్తే వైరల్ అన్నాడు. నిన్న ఆదివారం ఆయన మంచినీళ్ళు మింగుతూ ఛాతీ పట్టుకుని పక్కకి ఒరిగిపోయాడు. ఇంటిదగ్గరి ఆస్పత్రిలో చేర్చి, ఆడపడుచును కాపలా కూర్చోబెట్టి, సెలవు చీటీ ఇద్దామని పొద్దున్నే కోర్టుకు వచ్చిందామె.

కాగితం విప్పింది. గళ్ళ మీద ఒక గీత. ఎడమవైపు బుద్ధిగా అడ్డంగా నడిచి, మధ్యలో ఎవరో తరిమినట్టు నిట్టనిలువుగా పైకెక్కి, చాలాసేపు అక్కడే ఉండి, మెల్లిగా దిగింది. ఎక్కినచోట అంకె వేసి ఉంది. నలభై ఒకటి పాయింట్ మూడు.

"నాకర్థం కాలేదమ్మా" అంది.

"గుండెకి వెనకగోడ ఉంటుంది మేడమ్. చాలా పల్చన. దాన్ని ఆనుకునే ఆహారగొట్టం కిందికి దిగుతుంది. రెంటికీ మధ్య ఖాళీ ఏమీ ఉండదు. గుండె లోపల కాలుస్తుంటే ఆ వేడి గొట్టానికి తగలొచ్చు. అందుకే ముక్కులోంచి ఒక తీగ వేసి గొట్టంలో వేడి ఎంతుందో చూస్తుంటాం. నా పని అదే. ముప్పై ఎనిమిదిన్నర డిగ్రీలు దాటితే నేను పైకి చెప్పాలి, డాక్టరుగారు ఆపాలి."

"చెప్పావా?"

"మూడుసార్లు చెప్పాను మేడమ్. మూడోసారి అరిచాను."

"ఆపలేదా?"

ఆ అమ్మాయి తలదించుకుంది. "అలారం మోత తీసెయ్యమన్నారు" అంది.

గుండె ఆస్పత్రి మూడో అంతస్తులో తమ్ముడి గది. గది ముందు బల్ల వేసుకుని కూర్చున్న మనిషి ఆమెను ఎగాదిగా చూసి, అపాయింట్‌మెంట్ ఉందా అని అడిగాడు.

"ఉంది. నలభై నాలుగేళ్ళ కిందటిది. వాడు పుట్టినప్పుడు ఇచ్చారు" అని తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద ప్లాస్టిక్ గుండెబొమ్మ, చేతులకు రాసుకునే మందుసీసా, వరసగా మూడు పెన్నులు. తలుపు వెనక కొక్కేనికి, ఎక్స్‌రేలు తగలకుండా తొడుక్కునే సీసపు ఏప్రన్ బరువుగా వేలాడుతోంది. కిటికీలోంచి కింద అంబులెన్సులు ఆగేచోటు కనిపిస్తోంది.

"అక్కా! రా రా. బావ ఎలా ఉన్నాడు? సాయంత్రం నేనే వద్దామనుకుంటున్నా. టీ చెప్పనా?"

"వద్దు. కూర్చో."

లేవబోయినవాడు కూర్చున్నాడు. ఆమె గుండెబొమ్మను చేతిలోకి తీసుకుంది. అబ్లేషన్ గురించి చెప్పిన రోజు ఇదే బొమ్మను అరటిపండు ఒలిచినంత తేలిగ్గా రెండుగా విప్పి, ఎక్కడెక్కడ కాలుస్తాడో చూపించాడు. ఇప్పుడు ఆమె బొమ్మను వెనక్కి తిప్పింది.

"ఇందులో ఆహారగొట్టం లేదేంరా?"

తమ్ముడి మొహం మీద నవ్వు అలాగే ఉంది గానీ, కళ్ళల్లోంచి వెళ్ళిపోయింది.

"అది... గుండెబొమ్మ కదక్కా. గుండె ఒక్కటే ఉంటుంది."

"మనిషిలో మాత్రం రెండూ ఆనుకునే ఉంటాయటగా."

కాగితం విప్పి బల్ల మీద పరిచింది. అతను దాన్ని చేతిలోకి తీసుకోలేదు. ఒక్కసారి చూసి, తలుపువైపు చూశాడు.

"ఎవరిచ్చారు నీకిది?"

"ఎవరిచ్చారన్నది కాదు నువ్వు ముందు అడగాల్సింది."

"అక్కా, నీకు తెలియదు. ఇలాంటి కాగితాలు బయటికి రాకూడదు. సగం సగం తెలిసినవాళ్ళు చూస్తే కంగారుపడతారు. ఆ తీగ ఒక్కోసారి తప్పు చూపిస్తుంది. పక్కకి జరిగినా, తిరగబడినా అంకె ఎక్కువొస్తుంది. ఇవన్నీ మామూలే."

"తప్పు చూపించిందనే అనుకుందాం. ఆ మాటే నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేంత విషయం కాదు కాబట్టి."

మాట గట్టిగానే ఉంది. కానీ అతని కుడిచేతి బొటనవేలు చూపుడువేలి గోరును నొక్కుతోంది. కాలేజీలో తప్పిన సంగతి దాచి, పాసయ్యాను అక్కా అని స్వీట్లు తెచ్చిన రోజున కూడా ఆ వేలు అలాగే నొక్కుకుంది. ఆ రోజు ఆమె ఒక్కమాట అనలేదు. పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ చదివించింది. అమ్మ పోయాక వాడికి అమ్మా తనే, నాన్న తిట్లకు అడ్డమూ తనే.

సంచీలోంచి పొట్టి నోటుపుస్తకం తీసింది. తమ్ముడు గుర్తుపట్టాడు. కోర్టులో రాసుకునే పుస్తకం. వంకర గీతలు, చుక్కలు, ఆమెకు తప్ప ఎవరికీ బోధపడని రాత.

"ఆ రోజు నువ్వు ఈ బొమ్మ చూపించి చెప్తుంటే అలవాటు కొద్దీ రాసుకున్నాను. 'మీ అక్క నీ వాంగ్మూలం తీసుకుంటోందిరోయ్' అని మీ బావ నవ్వాడు, గుర్తుందా? విను. 'చిన్న పని అక్కా. బండికి ప్లగ్గు శుభ్రం చేసినంత పని. ఒక్కరోజు ఉండి ఇంటికెళ్ళిపోవచ్చు.' ఇది నువ్వు. 'సంతకం పెట్టమన్న కాగితాల్లో, మూడో పేజీలో ఆహారగొట్టానికి గాయం కావచ్చు అని ఉంది, అదేంటి?' ఇది నేను. 'అది అందరికీ రాసే మాట అక్కా. కొన్ని వేలమందిలో ఒకరికి. అదీ చూసుకోకుండా చేసేవాళ్ళ చేతుల్లో. నా చేతిలో కాదు.' ఇది మళ్ళీ నువ్వు."

పుస్తకం మూసింది.

"చూసుకోకుండా చేసేవాళ్ళ చేతుల్లో అన్నావు. మరి నీకు చూసి చెప్పడానికి ఒక పిల్లని కూర్చోబెట్టారు. ఆ పిల్ల మూడుసార్లు చెప్పింది. ఎందుకాపలేదు?"

"ఇంకో నాలుగు సెకన్లు ఉంటే ఆ మచ్చ పూర్తవుతుంది అక్కా. మధ్యలో ఆపితే కాలీ కాలనట్టుండి ఆ దడ మళ్ళీ మొదలవుతుంది. మళ్ళీ ఇంకోసారి చెయ్యాలి. అందరూ చూస్తుండగా అక్కడ ఆపేసి..."

ఆగిపోయాడు.

కోర్టులో ఆమెకు ఇలాంటి క్షణాలు అలవాటే. సాక్షి తను అనకూడనిది అనేసి, ఆ మాట ఎదురుగా నిలబడి తననే చూస్తున్నట్టు నోరు తెరుచుకుని ఉండిపోతాడు. అప్పుడు వకీళ్ళు తొందరపడరు. ఆమె కూడా తొందరపడలేదు.

"ఎవరు అందరూ?"

"ఎవరూ లేరు. స్టాఫే."

"చిన్నోడా."

ఆ పిలుపుకు అతను తలెత్తలేకపోయాడు.

"బయటి ఊళ్ళనించి డాక్టర్లు వచ్చారు. ఇరవై మంది దాకా. కొత్త మెషీను మీద నేను చేసేది చూడటానికి. అద్దం అవతల కూర్చున్నారు. డిమాన్‌స్ట్రేషన్ అంటారు అక్కా. అన్నిచోట్లా చేస్తారు. తప్పేం లేదు."

ఆమె బుర్రలో పాత మాటలు ఒక్కొక్కటే వచ్చి వాటి వాటి చోట్లలో కూర్చోవడం మొదలుపెట్టాయి. ముందు అనుకున్నది ఆ పై సోమవారం. 'బుధవారం చేసేద్దాం అక్కా, ఆ రోజు నేను ఖాళీ' అని ఫోను చేశాడు. ఖాళీ! మా తమ్ముడు వాళ్ళ బావకోసం రోజంతా కేటాయించాడండీ అని ఆమె పక్కింటావిడకు కూడా చెప్పుకుని మురిసింది.

"మీ బావ దానికి ఒప్పుకున్నాడా? పదిమందికి పాఠం చెప్పడానికి బల్ల మీద పడుకుంటానన్నాడా?"

"సంతకం పెట్టాడు. ఐదో కాగితం."

"నేను చదివింది నాలుగు కాగితాలు. ఐదోది నేను చదవబోతే 'అది బ్లడ్డు గ్రూపుది అక్కా, వదిలెయ్' అని నా చేతిలోంచి తీసుకున్నావు."

తమ్ముడు బల్ల మీది పెన్నులు మళ్ళీ వరసగా సర్దాడు.

"ఊళ్ళో అంతమంది గుండె జబ్బు మనుషులుండగా మీ బావే దొరికాడారా నీకు?"

"వేరే పేషెంట్లయితే సవాలక్ష అడుగుతారక్కా. చివరి నిమిషంలో మాకిష్టం లేదంటారు. బావ అయితే..."

"అడగడు."

"నన్ను నమ్ముతాడు అనబోయాను."

"రెండూ ఒకటే అయిపోయాయి కదరా నీ దగ్గర."

ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. డ్రైవింగ్ నేర్పే బండిలో మాస్టారి కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళతో ఆయన రోజూ అనేమాట ఒకటుంది. 'స్టీరింగు నీది, హారను నీది, పేరు నీది. బ్రేకు మాత్రం నాదమ్మా.' ఇరవైరెండేళ్ళు ఎవరెవరి తప్పులకో బ్రేకు వేసినవాణ్ణి మత్తిచ్చి పడుకోబెట్టి, ఆపమన్న పిల్ల నోరు మూయించాడు తన తమ్ముడు.

"వారం తిరగకుండా ఫోను చేసి ఎసిడిటీ మాత్ర ఒకటి కాదు రెండు వెయ్యమన్నావు. అప్పటికే నీకు అనుమానం."

"ముందుజాగ్రత్త."

"జ్వరం వచ్చిందంటే వైరల్ అన్నావు. ఇక్కడికి తీసుకురానా అంటే, ఎందుకక్కా అంతదూరం, దగ్గర్లో చూపించు అన్నావు. అదీ జాగ్రత్తేనా? ఎవరి జాగ్రత్తరా అది?"

"నిజంగానే వైరల్ అనుకున్నాను అక్కా! వెయ్యిసార్లు నాకు నేను అదే చెప్పుకున్నాను. అన్నీ చల్లారిపోతాయనుకున్నాను. చాలామందికి చల్లారిపోతుంది. నీకు తెలీదు, ఈ పంతొమ్మిది రోజులూ నేను సరిగ్గా తిన్లేదు."

"మీ బావా తిన్లేదు."

తమ్ముడు రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి మాట వచ్చింది.

"బావకి చెప్పాను."

ఆమెకు ముందు ఆ మాట అర్థం కాలేదు. "ఏంటి చెప్పావు?"

"మూడో రోజున కట్టు విప్పడానికి మీ ఇంటికి వచ్చాను కదా. నువ్వు లోపల ఫోన్లో ఉన్నావు. అప్పుడు చెప్పేశాను. అంతా కాదు. గొట్టానికి కొంచెం వేడి తగిలింది బావా, మింగితే నొప్పెట్టినా, జ్వరం వచ్చినా వెంటనే నాకు చెప్పు అన్నాను. అక్కకి కూడా చెప్తాను అన్నాను. ఒట్టు, అన్నాను. బావే వద్దన్నాడు."

"అబద్ధం."

"మీ అక్కకి నువ్వు తప్ప పుట్టింటివాళ్ళంటూ ఎవరున్నార్రా, ఈ ముక్క తెలిస్తే నీ మొహం చూడదు, అది ఏడుస్తూ కూర్చుంటే నేను చూడలేను, ఏం కాదులే పో అన్నాడు. నవ్వాడు కూడా."

ఈసారి బొటనవేలు కదల్లేదు.

ఆమె కుర్చీ వెనక్కి ఆనుకుంది. వారం రోజులుగా ఆయన పొద్దున బ్రెడ్డు పాలల్లో ముంచుకుని తింటున్నాడు. పళ్ళు ఊడిన ముసలాడిలా ఇదేం తిండండీ అని వేళాకోళం చేసింది. మింగేటప్పుడు పేపరు అడ్డం పెట్టుకునేవాడు. పేపరు చదవడం మీద ఇంత మోజెప్పుడొచ్చిందో అనుకుంది. నొప్పి కనిపించకుండా అడ్డం పెట్టుకున్నాడని ఇప్పుడు తెలిసింది. తమ్ముడు ఇంటికొచ్చిన ఆ మూడోరోజునే వాడికి దగ్గరుండి వడ్డించింది తను. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకే సంగతి కడుపులో పెట్టుకుని, తను చెప్పే కోర్టు కబుర్లకు నవ్వారు. ఇద్దరూ.

తమ్ముడి మీద వచ్చిన కోపానికి ఒక దారి ఉంది. మొగుడి మీద వచ్చినదానికి దారి లేదు. మంచం మీద పడి ఉన్న మనిషిని ఏమని అడుగుతుంది? నా కోసమే దాచానంటే ఏమంటుంది?

"నన్ను మీరిద్దరూ ఏమనుకున్నార్రా?" అంది చివరికి. "మూడో రోజునే నాకు తెలిసి ఉంటే, జ్వరం వచ్చిన గంటలో ఆయన్ని భుజానేసుకుని తెచ్చేదాన్ని కాదూ? నాలుగు రోజులు జ్వరం మాత్రలేసి కూర్చోబెట్టాను. నా చేత్తో. నిన్న ఆ ఆస్పత్రి డాక్టరు అడిగాడు, గుండెకి ఏదో చేయించారటగా, అక్కడేమైనా ఇబ్బంది వచ్చిందా అని. నేనేమన్నానో తెలుసా? అది బ్రహ్మాండంగా అయింది సార్, మా తమ్ముడే చేశాడు అన్నాను. గర్వంగా అన్నానురా."

తమ్ముడు మొహం మీంచి చేతులు తీశాడు.

"ఇప్పుడు ఎవరు చూస్తున్నారు బావని?"

"పొట్ట డాక్టరు. మింగితే నొప్పి కదా, పదకొండింటికి నోట్లోంచి గొట్టం వేసి లోపల చూస్తామన్నారు."

కుర్చీ వెనక్కి పడిన చప్పుడు. తమ్ముడు నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"వెయ్యకూడదు! అక్కా, గొట్టం వెయ్యకూడదు. ఇప్పుడు టైమెంత?"

గోడ మీద పదకొండు దాటి మూడు నిమిషాలు.

"ఎందుకు వెయ్యకూడదు?"

"ఆ గొట్టంతో గాలి ఊది చూస్తారు. లోపల గుండెకీ ఆహారగొట్టానికీ మధ్య బొక్క పడి ఉంటే ఆ గాలి తిన్నగా గుండెలోకి పోతుంది. అక్కణ్ణించి మెదడుకి. స్కానింగ్ తీసి చూడాలి తప్ప గొట్టం వెయ్యకూడదు. ఫోను, ఫోను చెయ్యి!"

"బొక్క" అంది ఆమె. "బొక్క పడి ఉండొచ్చని నీకు తెలుసన్నమాట."

"అక్కా, తర్వాత తిట్టు. ముందు ఫోను చెయ్యి!"

అప్పటికే ఆమె వేళ్ళు ఆడపడుచు నంబరు నొక్కాయి. నాలుగు మోతల తర్వాత ఆడపడుచు ఎత్తింది.

"వదినా, ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళారు. కంగారేం లేదు, పావుగంట పనేనట..."

"తలుపు కొట్టు."

"ఆఁ?"

"ఆ గది తలుపు బాదెయ్! గొట్టం వెయ్యొద్దని కేకలెయ్యి. మా వదిన వద్దంటోందని చెప్పు. అడిగితే కారణం నేను చెప్తాను. ఫోను పెట్టెయ్యకు."

ఆడపడుచుకు మోకాళ్ళ నొప్పులు. పది అడుగులు వేస్తే ఆయాసం. కానీ ఫోనులోంచి చెప్పుల చప్పుడు పరుగులాగే వినిపించింది. ఆ తర్వాత తలుపు మీద దబదబా మోత, "ఆపండి బాబూ, ఆపండి, మా వదిన వద్దంటోంది" అన్న కేక, ఎవరో విసుక్కోవడం, తలుపు తెరుచుకోవడం. ఇక్కడ గదిలో అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకే ఫోను మీదికి వంగి, ఒకరి ఊపిరి ఒకరికి తగులుతూ నిలబడ్డారు. చిన్నప్పుడు రేడియో దగ్గర అలాగే నిలబడేవారు.

మగగొంతు వచ్చింది. "ఎవరండీ? ఏంటి ఈ గొడవ?"

ఆమె తమ్ముడి చేతిలో ఫోను పెట్టింది. "చెప్పు. ఉన్నదంతా చెప్పు."

అతను చెప్పాడు. మొదట డాక్టరు భాషలో, తప్పించుకుంటూ. అక్క కళ్ళు చూసి, మామూలు భాషలోకి దిగాడు. పంతొమ్మిది రోజులని చెప్పాడు. నలభై ఒకటి పాయింట్ మూడని చెప్పాడు. తను ఆపలేదని చెప్పాడు.

తర్వాత ఆ డాక్టరు నెమ్మదిగా అన్నాడు. "గొట్టం ఇంకా వెయ్యలేదు. వేద్దామని పక్కకి తిరగమన్నాం. ఆయన ఎడమచెయ్యి లేవట్లేదు. మాట కూడా తడబడుతోంది. పడుకున్నారు కదా, తిమ్మిరేమో అనుకున్నాం. ఇప్పుడర్థమైంది, ఆ బొక్కలోంచి ఏదో అప్పుడే మెదడుకి చేరినట్టుంది. నేను స్కానింగ్‌కి పంపిస్తున్నాను. కానీ మా దగ్గర ఛాతీ తెరిచేవాళ్ళు లేరు. అంబులెన్సు సిద్ధం చేస్తాను. ఎక్కడికి పంపాలి?"

"ఇక్కడికే" అన్నాడు తమ్ముడు. ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి అక్కవైపు తిరిగాడు. "ఇక్కడికి కాకపోతే ఇంకోచోటికి మూడు గంటల ప్రయాణం. అంత టైము లేదు. నువ్వు ఊ అనాలి."

తన భర్తను ఇదే మనుషుల మధ్యకు, ఇదే బల్ల మీదికి మళ్ళీ పంపాలి. ఆమె ఫోను తీసుకుంది.

"పంపండి" అంది. తర్వాత తమ్ముణ్ణి అడిగింది. "ఆపరేషన్ ఎవరు చేస్తారు? నువ్వా?"

"నేను కాదు. నాది తీగలతో పని. ఛాతీ తెరవాల్సింది సర్జను. ఇక్కడ ఇలాంటివి చేసిన సర్జను ఒక్కరే. సర్జనమ్మ."

"పిలువు."

అతను కదల్లేదు.

"పిలువురా!"

"ఆవిడ రావట్లేదక్కా. రెండు వారాలైంది." కిటికీవైపు చూస్తూ మాట్లాడాడు. "ఆ రోజు అద్దం అవతల ఆవిడా ఉంది. అయిపోగానే నా దగ్గరికొచ్చి, ఇంటివాళ్ళకి చెప్పు, వారం తిరిగేలోపు స్కానింగ్ తీయించు అంది. నువ్వు చెప్పకపోతే నేనే చెప్తానంది. నేను... నేను డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడకి నామీద అసూయ అన్నాను. వచ్చిన డాక్టర్ల ముందు ఆస్పత్రి పరువు తీసిందన్నాను. సెలవు మీద ఇంటికి పంపించేశారు."

ఆమె అతన్ని చూసింది. ఎత్తుకుని పెంచిన మొహమే. ఎక్కడ ఏ మచ్చ ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అయినా బస్సులో ఎదురుసీట్లో కూర్చున్న మనిషిని చూసినట్టుంది.

"నంబరు చెప్పు."

"నా ఫోను ఎత్తదు."

"చేసేది నువ్వు కాదు. చెప్పు."

చెప్పాడు. చూసుకోకుండా చెప్పాడు. ఎన్నిసార్లు చేసి పెట్టేశాడో.

రెండో మోతకే అవతల ఆడగొంతు పలికింది. పక్కన కుక్కరు కూత వేస్తోంది. "ఎవరండీ?"

"మీకు నేను తెలియదమ్మా. పంతొమ్మిది రోజుల క్రితం బుధవారం మీరు అద్దంలోంచి ఒకాయన్ని చూశారట. డ్రైవింగ్ మాస్టారు. నేను ఆయన భార్యను."

కుక్కరు కూత ఠక్కున ఆగిపోయింది. స్టవ్ కట్టేసినట్టున్నారు.

"జ్వరం వచ్చిందా?" అంది సర్జనమ్మ.

"నాలుగు రోజులైంది."

"చెయ్యో కాలో పడిపోయిందా?"

"ఎడమచెయ్యి. ఇప్పుడే."

"గొట్టం వేశారా లోపలికి?"

"లేదు. ఆపించాం."

పెద్ద ఊపిరి ఒకటి వినిపించింది. "ఈ రెండు వారాలూ మీ కోసం వెతకని రోజు లేదమ్మా. రికార్డులో మీ ఫోను నంబరు మార్చేసి ఉంది. చేసినప్పుడల్లా ఎవరో తెలియనివాళ్ళు ఎత్తుతున్నారు. సరే. నేను బయల్దేరుతున్నాను. ఆపరేషన్ థియేటరు తెరిచి ఉంచమనండి, డైరెక్టరు సంగతి నేను చూసుకుంటాను." తాళాల గుత్తి గలగలలాడింది. "ఒక్కమాట. మీ తమ్ముడు పక్కనే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"అయితే ఆ గదిలోంచి బయటికి రండి. ఆ బుధవారం జరిగినవాటిలో ఆయన మీకు ఒకటి చెప్పకుండా వదిలేసే ఉంటాడు. అది ఆయన ముందు చెప్పేది కాదు."

ఆమె ఫోను చెవికి ఆనించుకునే తలుపువైపు నడిచింది.

"అక్కా" అన్నాడు వెనకనించి. "ఏమంటోంది అక్కా ఆవిడ?"

ఆమె బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"చెప్పండమ్మా" అంది.